మైకు కట్టేశాక వినిపించిన మాట

ఆమె తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే వినపడదు. తండ్రి దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలకి తల్లి కాజాలు కుట్టి గుండీలు వేసేది. ఇంట్లో చెవులు పనిచేసేది ఆ పిల్ల ఒక్కదానికే. నోట మాట రాకముందే చేతులతో మాట్లాడడం నేర్చుకుంది. పాలవాడు గుమ్మంలో ఏమన్నాడో, డాక్టరు ఏం చెప్పాడో, పక్క వాటాలో మొగుడూ పెళ్ళాం దేనికి కీచులాడుకుంటున్నారో, అన్నీ వాళ్ళమ్మకి ఈ పిల్ల చేతులే చెప్పాలి.

తిట్ల దగ్గరికొచ్చేసరికి సిగ్గేసి చేతులు వెనక్కి పెట్టుకునేది. తల్లి ఊరుకునేది కాదు.

"వట్టి బూతులమ్మా, నీకెందుకు?" అని సైగ చేస్తే, "వినపడేవాళ్ళందరి చెవినా పడ్డాయిగా. నాకు ఏరి పెట్టడానికి నువ్వెవరివి?" అని సైగలతోనే కడిగేసేది.

అలా ఏరకుండా చెప్పడం అలవాటైపోయింది. పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది. ముందు వినపడని పిల్లల బడిలో, తర్వాత కోర్టులో, చివరికి పట్టణ కౌన్సిల్లో. అందరూ ఆమెని సైగలమ్మాయి అనేవాళ్ళు. పెళ్ళయి, జుట్టు నెరవడం మొదలయ్యాక కూడా అమ్మాయే.

కౌన్సిల్లో ఉద్యోగం ఇప్పించింది చైర్మనమ్మే. ఒకప్పుడు లెక్కల టీచరు. మూసిన తలుపుల వెనక పాలన ఇక చెల్లదని ఊరంతా తిరిగి చెప్పి గెలిచిన మనిషి. గెలిచాక మాట తప్పలేదు కూడా. మీటింగులన్నీ కేబుల్ టీవీలో నేరుగా వచ్చే ఏర్పాటు చేసింది. "వినపడనివాళ్ళు మాత్రం ఓటర్లు కారా?" అని కౌన్సిలర్లతో పోట్లాడి, టీవీ మూలన సైగలమ్మాయికి చోటిప్పించింది. ఎప్పుడు కనపడినా "ఏం చెల్లీ, కాఫీ తాగావా?" అని పలకరించేది. ఆ మనిషంటే సైగలమ్మాయికి అంతా ఇంతా గురి కాదు. ఇంట్లో భర్త రాజకీయాల్ని తిట్టిపోస్తుంటే, "అందర్నీ ఒకే గాటన కట్టకండి" అని ఆవిడ తరఫున వాదించేది.

మీటింగు మధ్యలో ఏదైనా మాట్లాడుకోవాల్సి వస్తే మైకులు కట్టేసుకునేవాళ్ళు. బొమ్మ వస్తూనే ఉండేది, మాట వచ్చేది కాదు. సైగలమ్మాయి హాలు చివర గోడ దగ్గర నిలబడేది కాబట్టి ఆ గుసగుసలు ఆమెకీ అందేవి కావు. చేతులు కట్టుకుని నిలబడేది.

ఆ రోజు గోడ దగ్గరి లైటు కాలిపోయింది. కెమెరామన్ ఆమెని తెచ్చి చైర్మనమ్మ బల్ల పక్కన నిలబెట్టాడు. పార్కు బెంచీల మీద చర్చ నడుస్తోంది. ఇంతలో నీటి సరఫరా ఇంజనీరు లేచొచ్చి ఆవిడ మీదకి వంగాడు. ఆవిడ మైకు కట్టేసింది.

"మేడమ్, కింది పేట నీళ్ళ పరీక్ష వచ్చింది. మురుగు కలుస్తోంది. తాగడానికి పనికిరావు."

"ఇప్పుడు చెబితే జనం బెదిరిపోతారు. ఎన్నికలు కానివ్వండి, పైపులు మారుద్దాం. అప్పటిదాకా ఈ మాట ఈ బల్ల దాటకూడదు" అందావిడ.

కోపంగా అనలేదు, భయపడుతూ అనలేదు. ఫ్యాను కాస్త తగ్గించమన్నట్టు అంది. సైగలమ్మాయి నిర్ఘాంతపోయింది. గొంతు మారుంటే ఎవరో వేరే మనిషి అనుకునేది. అదే గొంతు, కాఫీ తాగావా అని అడిగే గొంతు.

అరచేతులకి ఫ్యాను గాలి తగిలితే ఆమెకి తెలిసింది, తన చేతులు ఛాతీ ముందు గాల్లో ఉన్నాయని. విన్నదంతా సైగ చేసేసింది. బల్ల దాటకూడదన్న మాటతో సహా. కెమెరామన్ కేసి చూసింది. అతను బొమ్మ సరిచేసుకుంటున్నాడు. హాల్లో ఎవరికీ సైగలు రావు. చైర్మనమ్మ మైకు వేసి బెంచీల సంగతి అందుకుంది. సైగలమ్మాయి కూడా అందుకుంది.

ఆమె ఇల్లూ కింది పేటలోనే. ఆమె సందు మొదట్లోకి వచ్చేసరికి మురిక్కాలవ నిండా మంచినీళ్ళు పారుతున్నాయి. మీటింగు టీవీలో చూసిన తల్లి బిందెలూ బక్కెట్లూ బయటికి తెచ్చి గుమ్మరిస్తోంది. ఎదురుగా వడ్రంగి, అతనికీ వినపడదు, తలుపు తలుపూ తట్టి కుళాయి చూపించి, పొట్ట పట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఇతనికేమైనా పిచ్చెక్కిందా అని కొందరు తలుపు వేసుకున్నారు. ఒకావిడ మాత్రం వేసుకోలేదు. ఆవిడ పిల్లాడికి మూడు వారాలుగా విరేచనాలు. బయటి తిండి మానిపించమని డాక్టరు చెబితే, పాపం వాణ్ణి రోజూ తిడుతోంది. ఆవిడ సైగలమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఏమంటున్నాడు ఇతను?" అంది.

సైగలమ్మాయి నోరు తెరిచి చెప్పింది. చేతులతో చెప్పినప్పటికంటే కష్టమైంది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "వాణ్ణి కొట్టాను కూడా" అని గుమ్మంలో చతికిలబడింది.

మర్నాటికి పేటంతా కౌన్సిల్ మెట్ల మీద ఉంది. సైగలు తప్పు పడ్డాయనీ, ఆ అమ్మాయి ఏదో ఊహించుకుందనీ చైర్మనమ్మ చెప్పింది. సైగలమ్మాయిని పనిలోంచి ఆపేశారు. గుమాస్తా వచ్చి ఆమె మెళ్ళో కార్డు తీసుకుంటుంటే, తనే ఏదో దొంగతనం చేసినట్టు ఆమెకి తల దించుకోవాలనిపించింది.

వినపడనివాళ్ళ సంఘం వదల్లేదు. పొరుగూరి నుంచి, ఈ గొడవేమీ తెలియని ఇంకో దుబాసీని పిలిపించారు. నిండు హాల్లో ఆ టీవీ బొమ్మ వేశారు, మాట లేకుండా. వచ్చినావిడ కళ్ళద్దాలు సర్దుకుని, బొమ్మలో చేతులు ఏం చెబితే అది పైకి చదువుతూ పోయింది. బెంచీలు, వాటి రంగు, ఎండకి వేడెక్కడం, తర్వాత నీళ్ళు, మురుగు. బల్ల దాటకూడదు అని చదివి, తనే ఆగిపోయి అందరి మొహాల్లోకీ చూసింది.

అప్పుడు వెనక వరసలోంచి ఇంజనీరు లేచాడు.

"నిజమే. నేనే చెప్పాను. ఆవిడ ఆగమంటే ఆగాను" అని మళ్ళీ కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు కాస్త జరిగారు.

అక్కణ్ణుంచి పనులు చకచకా జరిగాయి. ట్యాంకర్లొచ్చాయి. తవ్వి చూస్తే మురుగు గొట్టం పగిలి మంచినీళ్ళ గొట్టంలోకి ఊరుతోంది. చైర్మనమ్మ రాజీనామా ఇచ్చింది. ఇంజనీరుకి ఒక జీతం పెంపు ఆగింది, అంతే. మీటింగు మొదలయ్యాక ముగిసేదాకా మైకులు కట్టెయ్యకూడదని తీర్మానం చేశారు. కింది పేట పిల్లలు కోలుకున్నారు, ఒక ముసలాయన తప్ప ఎవరూ పోలేదు. ఆయన ఆ నీళ్ళవల్లే పోయాడా అన్నది తేలలేదు.

సైగలమ్మాయిని మళ్ళీ పిలిచారు. వెళ్ళింది. కానీ ఇప్పుడు కౌన్సిలర్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చేతులకేసి చూస్తారు. అది ఆమెకి నచ్చదు.

ఆర్నెల్ల తర్వాత మందుల షాపు క్యూలో ఆమె ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. చూస్తే చైర్మనమ్మ. ఇద్దరూ ఎటూ వెళ్ళలేకపోయారు.

"నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా చెల్లీ" అందావిడ చివరికి.

"చేతులు పైకి లేచాకే నాకు తెలిసిందక్కా."

ఆవిడ తల ఊపింది. "నిజం చెప్పనా? ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తిన్నాను, హాయిగా నిద్రపోయాను. తప్పు చేశానని అనిపించనే లేదు. ఇప్పుడు అది తలుచుకుంటే నాకే భయమేస్తుంది."

సైగలమ్మాయి చేతుల్లో వాళ్ళమ్మ బీపీ మాత్రల చీటీ ఉంది. షాపువాడు తర్వాత ఎవరని అడిగాడు. చైర్మనమ్మ పక్కకి జరిగి, "నువ్వు తీసుకో ముందు" అంది.