పాద్రి డైరీలో రెండు పేజీలు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను పుదుచ్చేరిలోని చిన్న మ్యూజియంకు సంరక్షణ అధికారిగా వేశారు. పాత కాగితాలు పాడుకాకుండా చూడటం, ప్రదర్శించే వస్తువు పక్కన పెట్టే లేబుల్ రాయడం నా పనులు.

ఆ సంవత్సరం సముద్రయానాల మీద ప్రదర్శన. అందులో ముఖ్యమైనది, మూడు వందల ఏళ్ల కిందట ఓడెక్కి వచ్చిన ఒక ఫ్రెంచి పాద్రి డైరీ. ఆ చేతిరాత నాకు చదివిపెట్టింది చర్చి బాధ్యతల నుంచి విరమించిన ఫాదర్ ఆరోక్యసామి. పక్కన పెట్టడానికి తమ ఇంటి వైద్యపు తాళపత్రాలు ఇచ్చింది కోసపాళయం బట్టల వర్తకులు సి. రంగయ్య శెట్టిగారు. ఇద్దరూ ఏళ్ల తరబడి సాయంత్రాలు కలిసి నడిచే స్నేహితులు.

రంగయ్యగారి ఇంటి మాట తెలుగే అయినా బడిలో చదివింది తమిళం; తెలుగు చదవడం రాదు. తెలుగు లేబుల్‌లోని పాద్రి మాట నేనే చదివి వినిపించాను: "చీకటిలో ఉన్న జనానికి వెలుగు తేవడానికే సముద్రం దాటాను."

ఆయనకు కోపం వచ్చింది. "ఏందమ్మా ఇది? మావోళ్లు యాడ ఉండారు చీకట్లో? ఈ ఆకుల్లో ఉండేది వైద్యం కాదా? ఆ పుస్తకం పక్కన వీటిని పెట్టబాకండి. నాకిచ్చేయండి."

ఫాదర్ కూడా అక్కడే ఉన్నారు. ఆ పాద్రి నమ్మిన దేవుణ్ణే తానూ నమ్ముతానని, అయితే చీకటిలో ఉన్నారని ఆయన రాసింది తన ముత్తాతల గురించి కూడానని అన్నారు. కొన్ని పేజీలు ముందుకు తిప్పమన్నారు.

అక్కడ పాద్రి జ్వరంతో పడి ఉన్నాడు. ఒక బట్టల వర్తకుడి తల్లి పదకొండు రోజులు గంజి కాచి పోసింది. "దయ నేర్పడానికి వచ్చి, ఆమె దగ్గర నేర్చుకున్నాను" అని రాశాడు. ఆ కిందనే, ఆమె తన దేవతలను విడిచిపెట్టాలని ప్రార్థించాడు.

రంగయ్యగారు రెండుసార్లు చదివించుకున్నారు. "గంజి తాగి కూడా మార్చాలనే చూసినాడే!" అని స్నేహితుడి భుజం తట్టి నవ్వారు. అంతలోనే అడిగారు: "ఆ యమ్మ ఏమనిందో రాసినాడా?"

రాయలేదు.

పై అధికారి, గొడవ లేకుండా గంజి పేజీ ఒక్కటే చూపమన్నారు. రంగయ్యగారే ఒప్పుకోలేదు. "రెండూ పెట్టండి. లేకుంటే నా ఆకులు ఈను."

వెలుతురుకు సిరా వెలిసిపోతుంది కనుక పాత పుస్తకాన్ని ఒకే పేజీ దగ్గర ఎక్కువ రోజులు తెరిచి ఉంచకూడదు. ఆ నియమం చూపించి అనుమతి తెచ్చాను. ప్రదర్శన సగం రోజులు ఒక పేజీ, తక్కిన సగం రెండోది. మూసి ఉన్న పేజీ ఫోటో పక్కన. తాళపత్రాలు అక్కడే ఉన్నాయి.

ఆ తరువాత ఏ పుస్తకాన్నీ పూర్తిగా చదివించుకోకుండా నేను లేబుల్ రాయలేదు. అందులో ఎవరి మాట నమోదు కాలేదో చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని ఆ జూన్‌లో తెలిసింది.