పసుపు చీటీలో నేను రాసిన కారణం

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. అందుకే నా డైరీకి తాళం అక్కర్లేదు. ఆ డైరీలో కూడా నేను రాయని విషయం ఇది.

కరోనా రెండోసారి విజృంభించినప్పుడు నేను ఫార్మసీ చదువు ముగించి తమిళనాడులో మా ధర్మపురిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీలో కొత్తగా చేరాను. ఊపిరితిత్తుల్లో ఇంకేదైనా క్రిమి కూడా చేరిందేమోనన్న భయంతో, వచ్చిన ప్రతి రోగికీ మొదటి రోజే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టేవారు. కరోనాకు అది పనిచేయదని అందరికీ తెలుసు. చూస్తూ ఊరుకోలేక ఇచ్చేవారు. దీనికి అడ్డుకట్ట వేయాలని మా పెద్ద డాక్టరమ్మ ఒక పసుపు చీటీ అచ్చువేయించింది. మూడో రోజున ఫార్మసీ నుంచి వార్డు డాక్టరుకు ఫోన్ చేసి, ఆ మందు ఆపాలా, కొనసాగించాలా అని అడగాలి. కొనసాగించమంటే ఎందుకో చీటీలో రాయాలి. ఆ పని నాకిచ్చారు.

నాకు బస్సులో స్టాపు అడగాలన్నా గొంతు పెగలదు. మా ఊరు నల్లంపల్లిలో ఇంకెవరూ దిగకపోతే తర్వాతి స్టాపు దాకా పోయి, నడిచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

మొదటి ఫోనుకే డాక్టరు తమిళంలో అరిచాడు. “ఇక్కడ ఆక్సిజన్ చాలక మేం చస్తున్నాం. నీకిప్పుడు చీటీ నిండాలా, తల్లీ?”

మరునాడు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాను. చీటీ ఖాళీగా ఉంటే పెద్ద డాక్టరమ్మ అడుగుతుంది. నాకు మాట్లాడటం రాదు గానీ రాయడం వచ్చు. 'జ్వరం ఇంకా తగ్గలేదు, కొనసాగించాలి' అని రాశాను. అడిగినా ఆయన ఇదే చెప్పేవాడులే అనుకున్నాను. ఆ తర్వాత ఒక్కో రోగికి ఒక్కో కారణం. ఒకే వాక్యం రెండుసార్లు పడకుండా జాగ్రత్తపడేదాన్ని కూడా.

ఆరో నంబరు మంచం మీద పిక్కిలి నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. కట్టడం పనుల్లో సిమెంటు తట్టలు మోసిన మనిషి. మందులివ్వడానికి వార్డుకు వెళ్ళినప్పుడు నేను అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడటం విని కళ్ళు పెద్దవి చేసింది.

“మనవాళ్ళ పిల్లవా నువ్వు? ఈడ అందరూ తమిళమే. ముక్కులో గొట్టం పెట్టుకొని తమిళం మాట్లాడేకి నాకు ఊపిరి సాలదు.”

ఐదో రోజున నన్ను దగ్గరికి పిలిచింది.

“అమ్మిణీ, జరం పోయి మూడు దినాలాయ. ఇంకా ఆ సూది ఎందుకు? కడుపు నిలవడంలే. పొద్దున్నుంచి ఎనిమిదిసార్లు పోయినాను.”

“డాక్టరును అడగతానవ్వా.”

“అడుగు తల్లీ. నేనడిగితే కసురుకుంటాడు. సదువుకున్నదానివి, నీ మాట ఇంటాడు.”

అవ్వ కాళ్ళ దగ్గర వేలాడే చార్టులో జ్వరం లేదు. రక్తంలో ఏ క్రిమీ పెరగలేదని ల్యాబు కాగితం వచ్చింది. దాని వెనకే, రాత్రిళ్ళు జ్వరం వస్తోందంటూ రెండు రోజుల కిందట నేను రాసిన పసుపు చీటీ ఉంది. ఇప్పుడు అడిగితే, ఇదెవరు రాశారని ఆయన నన్నడుగుతాడు. ఆ రోజు అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఆ మరుసటి రోజు ఆరో మంచం వైపు వెళ్ళకుండా తిరిగాను కూడా.

ఎనిమిదో రోజు పొద్దున బాత్రూముకు పోతూ అవ్వ పడిపోయింది. ఒంట్లో నీళ్ళు ఇంకిపోయాయి, బీపీ దొరకలేదు. ఐసీయూకు మార్చారు. అప్పుడు ఫోన్ చేశాను.

“జ్వరం లేదా? ల్యాబులోనూ ఏమీ లేదా? అయితే ఆపెయ్యమ్మా,” అన్నాడు డాక్టరు. గొంతులో కోపం కూడా లేదు, అలసటే. “మొన్ననే ఎందుకు అడగలేదు?”

ఒక్క నిమిషం కూడా పట్టలేదు. చీటీ సంగతి ఆయన ఎత్తలేదు. బహుశా ఎప్పుడూ చూడలేదు.

రెండు వారాల తర్వాత ఇంటికి పంపేటప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుని కూతురితో చెప్పింది. “ఈ పిల్లేనే సూది ఆపించింది.” నేను తల వంచుకున్నాను. సిగ్గనుకున్నారు.

అప్పటినుంచి మూడో రోజున తప్పకుండా ఫోన్ చేస్తున్నాను. కసురుకున్నా పెట్టేయను. పెద్ద డాక్టరమ్మ నా పాత చీటీలు తిరగేసి, ఒక్కటీ ఖాళీ లేదని మెచ్చుకుంది. నేను ఆ చీటీలను సర్ది అలమరలో పెట్టేశాను.

నెల తర్వాత అవ్వ కూతురు మాత్రల కోసం వచ్చింది. సంచిలోంచి చింతపండు పొట్లం తీసి నా ముందు పెట్టింది.

“అమ్మ పంపించింది. ఇంకా గోడ పట్టుకొనే నడుస్తాది. తట్ట ఎత్తేది ఇంక అయ్యే పని కాదు.”

“నేను ముందే అడిగుండాల అక్కా.”

“నువ్వేం చేస్తావు అమ్మిణీ! డాక్టరునెవురు అడగతారు? పక్కనే ఉన్నాము, మాకే నోరు రాలేదు.”

చీటీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అప్పటికే బస్సుకు టైమైందని లేచింది.

ఆ చింతపండుతో అమ్మ రసం పెట్టింది. రెండుసార్లు పోసుకుని, ఎవరిచ్చారని అడిగింది. తెలిసినవాళ్ళు అన్నాను. ఆ రోజు డైరీలో, పిక్కిలి చింతపండు పులుపు బాగుందని మాత్రం రాశాను.