మిషన్ చప్పుడు

అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మెట్ల కింద అమ్మ మిషన్ పెట్టుకొని జాకెట్లు కుట్టేది. నాకంటే ముందు పుట్టిన అక్కను ఒళ్లో పడుకోబెట్టుకునే మిషన్ తొక్కేది. అక్క ఛాతీకి చెవి ఆనిస్తే లోపల గరగరమని ఆగకుండా ఒక చప్పుడు వినిపించేదట. "నా మిషనే దీని గుండెల దూరింది" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చెప్పుకునేది. ఆరేళ్లకే అక్క ఆయాసంతో పోయింది. ఆ రోజు అమ్మ చెవి ఆనిస్తే చప్పుడు లేదు. అప్పటికి నేనింకా పుట్టలేదు.

నా కూతురి ఛాతీలోనూ అదే చప్పుడు. నాంపల్లిలో డాక్టరమ్మ వినగానే గుర్తుపట్టింది. గుండె దగ్గర, పుట్టిన కొన్నాళ్లకే మూసుకుపోవాల్సిన రక్తనాళం ఒకటి తెరుచుకునే ఉందట. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి గొట్టం పంపి, చిన్న బిళ్లతో దాన్ని మూసేశారు. పాప ఒంటిమీద ఒక్క కుట్టు కూడా పడలేదు.

వార్డులోకి తేగానే అమ్మ వంగి, నిద్రపోతున్న పాప ఛాతీకి చెవి ఆనించింది. వెంటనే గుండెలు బాదుకుంది.

"చప్పుడు బందయింది! పిల్ల పాయెనే!"

వార్డంతా మావైపే చూసింది. నాకు ఒళ్లు మండింది.

"ఊకో అమ్మా! పిల్ల మంచిగనే ఉంది. గా చప్పుడే రోగం! అది బందు కావాల్ననే గదా గిదంతా చేసింది!"

అమ్మ ఏడుపు ఆపింది. చాలాసేపు పాప మీదున్న దుప్పటి అంచు సరిచేస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"అంటే... ఆరేండ్లు దాని రోగం ఇనుకుంటనే మురిసిన్నా, బిడ్డా?"