మూత మీద కూర్చున్న నలభై నిమిషాలు

2019 వేసవి. విశాఖ పోర్టులో సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో గ్యాస్ టెస్టర్‌గా నాకది పద్నాలుగో ఏడు. ఓడ గదుల్లోకి మనుషులు దిగే ముందు అక్కడి గాలి కొలిచి, ప్రాణానికి ఢోకా లేదని తేలితే ఎంట్రీ పర్మిట్ మీద సంతకం పెట్టడం నా పని. అది లేనిదే ఎవరూ దిగకూడదు. కాగితం మీద పెద్ద అధికారమే. ఓడలు ఆగే బెర్తు మీద మాత్రం నా పేరు 'కంప్లైంట్ బాబు'.

ఆ పేరు ఊరికే రాలేదు. నేను అవమానం మరిచిపోను. సేఫ్టీ వారోత్సవాల సభలో వేదిక మీదికి పిలిచి, కుర్చీలు చాలలేదని కిందికి దించేసిన రోజు గుర్తుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన షిఫ్ట్ సూపర్‌వైజర్ ప్రసాద్ నలుగురిలో 'ఏమయ్యా' అని పిలిచిన ప్రతిసారీ గుర్తుంది. అన్నిటికీ ఫిర్యాదులు రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. ఎవరైనా మాట తూలితే పర్మిట్ పుస్తకం మూసేసి, "మీరే సూసుకోండి" అని వెళ్లిపోయేవాణ్ణి.

మా నాన్న పోర్టులో బరువులు మోసే కళాసీ. పోర్టు పక్కనున్న మల్కాపురం నుంచి మిషనరీ స్కూలుకు వెళ్లేవాణ్ణి. మాసిన చొక్కా చూసి ఒక మాస్టారు నన్ను చివరి బెంచీకి పంపినప్పుడు, స్కూలు నడిపే ముసలి ఫాదర్ పిలిచి, మా బ్యాడ్జి మీది లాటిన్ మాటలకు అర్థం చెప్పారు. "ఎస్సే క్వామ్ విదేరీ." కనిపించడం కాదు, నిజంగా అయి ఉండటం. "నువ్వేమిటో ఆ బెంచీ చెప్పదు నాన్నా" అన్నారు. అప్పటినుంచి లాటిన్ సూక్తులు పోగుచేసి, ఏటా కొత్త డైరీ మొదటి పేజీలో ఒకటి రాసుకుంటున్నాను. ఆ ఏడు రాసుకున్నది "నేమో మే ఇంపూనే లచేస్సిత్". నన్ను గిల్లినవాడు ఊరికే పోడు అని. నా మనసుకు అదే దగ్గరగా ఉండేది.

ఆ వేసవిలో ఒక రోజు ఉక్కు కొలుములకు బొగ్గు తెచ్చిన ఓడ వచ్చింది. అడుగున మిగిలిన బొగ్గును కుప్ప చేయడానికి క్రేనుతో లోడర్ బండిని గదిలోకి దించారు. దాని డ్రైవర్ అప్పలరాజు నిచ్చెన మీదుగా దిగాలి. ఆ నిచ్చెన ఇనుప గోడల మధ్య సన్నని గొట్టంలాంటి దారిలో ఉంటుంది. దానికి పైన వేరే చిన్న మూత. అడుగున గదిలోకి తెరుచుకునే తలుపు ఇంకా బిగించే ఉంది. గది పెద్ద మూతలు రెండు రోజులుగా తెరిచే ఉన్నాయి కనుక గాలికేం లోటని అందరి ధీమా. ఓడ ఆఫీసరు కూడా తన మీటరును పైనే పట్టుకుని, ఆక్సిజన్ మామూలుగానే ఉందన్నాడు.

నేను నా మీటరుకు సన్నని రబ్బరు గొట్టం తగిలించి, ఆ నిచ్చెన దారిలోకి దింపి మూడు చోట్ల చూశాను. పైన ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది శాతం. అది మనం పీల్చే గాలే. మధ్యలో పదిహేను. అడుగున ఆరు. మీటరు కీచుమంది. మూసి ఉన్న చోట బొగ్గు ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఆ దారిలో ప్రయాణం నాటి గాలే నిలిచిపోయింది. ఆరు శాతంలో రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. కాపాడబోయినవాడూ అంతే.

"బ్లోయర్ పెట్టి గాలి కొట్టించండి. అందాకా సంతకం పెట్టను" అన్నాను.

ప్రసాద్ నవ్వాడు. "ఏమయ్యా, మల్లీ అలిగేవా? నీకూ నీ మీటరుకీ ఒకటే జబ్బు. ఊరికే కేకలేత్తారు."

కూలీలు ఘొల్లుమన్నారు. అప్పలరాజు మా వీధివాడే. వాడికీ విసుగొచ్చింది.

"ఇరవై ఏళ్ల నుంచి దిగుతన్నాను బావా. మీ ఇద్దరి గొడవకి నా పనాపుతావేటి?"

"గొడవ కాదు బావా. కింద గాలి లేదు."

"రెండ్రోజుల్నుంచి బార్లా తీసుంటే గాలి లేకపోడమేటి?"

"తీసింది గది మూత. ఈ దారిది కాదు."

ప్రసాద్ గొంతు పెంచాడు. "కుర్సీ ఇవ్వలేదని ఏడిసినోడి మాట ఇని ఓడాపాలా? ఎల్లవయ్యా, ఎల్లి కంప్లైంటు రాసుకో."

ఒళ్లు మండిపోయింది. పుస్తకం మూసి, ఓడ దిగే మెట్ల వైపు నడిచాను. నాలుగు అడుగులు వేశానో లేదో వెనక ఇనుము మీద బూటు చప్పుడైంది. తిరిగి చూస్తే అప్పలరాజు ఒక కాలు లోపల పెట్టేశాడు.

వెళ్లిపోతే నా పరువు నిలిచినట్టు కనిపిస్తుంది. కానీ గ్యాస్ టెస్టరుగా అక్కడ ఉండవలసింది నేను. కనిపించడం కాదు, అయి ఉండటం అని ఫాదర్ చెప్పిన మాట అప్పుడు నన్ను పట్టి ఆపింది. పరుగెత్తి అప్పలరాజును చొక్కా పట్టుకుని బయటికి లాగాను. మూత దించి దాని మీద కూర్చున్నాను.

ఎండకు ఆ ఇనుము పెనంలా ఉంది. ఎవరో ఫోనులో ఫొటో తీశారు.

"పెట్ట పొదిగినట్టు కూకున్నాడ్రా! గుడ్లు పిగిలేదాకా లెగడు!" అన్నాడు ఒక కూలీ.

"లెగు బావా, నలుగురూ నవ్వుతన్నారు" అని అప్పలరాజు చేయి పట్టి లాగాడు. నేను కదల్లేదు.

"ఓడ మీటరుకి గొట్టం తగిలించి అడుగుదాకా దింపండి. బాగుందంటే నానే సంతకం పెట్టి ఉజ్జోగం మానేత్తాను" అన్నాను.

ఆ గొట్టం రావడానికి నలభై నిమిషాలు పట్టింది. నా మీటరే తప్పయితే ఈ ఉద్యోగంలో నాకిదే చివరి రోజు. అలా అనుకుంటూ గడియారం చూస్తూ ఉండిపోయాను. చివరికి ఓడ ఆఫీసరు వచ్చి గొట్టం దింపాడు. మధ్యకు చేరేసరికే మీటరు కూత మొదలైంది. అడుగున ఆరుకు కొంచెం తక్కువే చూపించింది. అప్పలరాజు మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"బ్లోయర్ తెప్పించండి" అన్నాడు ప్రసాద్, నా వైపు చూడకుండా. అంతే. క్షమాపణ లేదు. మర్నాడే దాని మీద ఫిర్యాదు రాశాను. ఇప్పటికీ జవాబు లేదు.

బ్లోయర్ పెట్టాక మూడు చోట్లా గాలి సరిపోయింది. సంతకం పెట్టాను. అప్పలరాజు దిగి, పని ముగించి పైకొచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"ఒగ మాట సెప్తాను బావా, ఏటనుకోకు. నిన్ను రెండు మాటలంటే నువ్వే ఎల్లిపోతావని ప్రసాద్ ముందే సెప్పేడు. నువ్వెల్లగానే దిగిపొమ్మన్నాడు. నువ్వెప్పుడూ ఎల్లిపోతావు కదా."

వాడు నిందగా అనలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. నేను ఆత్మగౌరవం అనుకున్నది వాళ్లకు నన్ను పక్కకు తప్పించే ఉపాయమైంది. తిడితే చాలు, అడ్డం తొలగిపోతాను. ఇప్పటికీ ఒక్క అవమానం మరిచిపోను, ఫిర్యాదులూ మానలేదు. కానీ ఎవరేమన్నా కొలత ముగిసేదాకా ఆ చోటు వదలను. అంతకుముందు ఎన్నిసార్లు తలెత్తుకుని వెళ్లిపోయానో, నా వెనక ఎవరెవరు దిగారో నాకు తెలియదు. ఆ ఓడల్లో ఎవరూ పోలేదు కనుక, దిగినవాళ్లంతా తిరిగి పైకొచ్చినట్టే. అందులో నా గొప్ప ఏమీ లేదు.