డి డ్రైవ్‌కి ఏమీ కాదు

మా బావ, అంటే అక్క భర్త, అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి వెళ్లే దారిలో చిన్న డీటీపీ షాపు నడిపేవాడు. శుభలేఖలు, ఫ్లెక్సీలు ఆయన పని. ఎవరి సిస్టమ్ మొరాయించినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. అందరికీ ఒకటే పాఠం: “ఏదున్నా డిలో ఎట్టు బాబూ. విండోస్ ఉండీ సి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా డి డ్రైవ్‌కి ఏటీ అవ్వదు.” విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి.

అలాంటి మనిషి ఒక వేసవిలో గుండె ఆగి పోయాడు. ఏడాది తిరిగాక మేనకోడలికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. ఆ కార్డు బావ ముందే తయారుచేసి, తేదీ ఒక్కటీ ఖాళీగా వదిలాడట. కింద “ఆహ్వానించువారు” అన్నచోట తన పేరూ అక్క పేరూ పక్కపక్కనే వేశానన్నాడట. అక్కకి ఆ కార్డే కావాలి. “తేదీ ఎయ్యి తమ్ముడూ. ఇంకేటీ మార్సకు,” అంది. ఆ కార్డులో ఆయన ఇంకా బతికే ఉన్నాడు మరి.

సిస్టమ్ ఆన్ చేస్తే విండోస్ గుర్తు దగ్గరే ఆగిపోయేది. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ ఉచితమని, పాత సిస్టమ్ మీద కూడా నడుస్తుందని ఫోన్లో వీడియోలు చూసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లాను. నాకది మొదటిసారి. డిస్క్ మొత్తం చెరిపెయ్యాలా అని అది అడిగింది. అది కాదని, భాగాలు నేనే ఎంచుకుంటానన్నాను. తీరా చూస్తే అక్కడ సి, డి అన్న పేర్లే లేవు. సైజులు చూసి పోల్చుకోవాలి. అక్క పక్కన నిలబడి “డి ముట్టుకోకు, డి ముట్టుకోకు,” అంటూనే ఉంది. ఏది సి అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకుని, దాన్ని చెరిపి అక్కడ లైనక్స్ పెట్టాను. డి చెక్కుచెదరలేదు. నేను చాలా గొప్పవాణ్ణనుకున్నాను.

తెరిస్తే ఊళ్లోవాళ్ల కార్డులన్నీ ఉన్నాయి. కశింకోట పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు. మా పాపది లేదు. వెతికి వెతికి అలిసిపోయాక అక్క మెల్లిగా అంది: “సిస్టమ్ ఎయ్యగానే ఎదురుగా కనిపించీది కదరా. పాప ఫొటో మీదే ఉండీది.”

 అలా తెర మీద పెట్టుకునేవన్నీ ఉండేది సిలోనే, నేను చెరిపేసిన దాంట్లో. ఊరందరి కార్డులూ డిలో భద్రంగా దాచి, సొంత కూతురిది మాత్రం కళ్లెదుట పెట్టుకున్నాడు మహానుభావుడు. డిస్క్ తీసుకెళ్లి విశాఖలో చూపించినా ఇక రాదన్నారు. బావ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన పోయిన రోజు కూడా నేను అంతలా ఏడవలేదు.

కొత్త కార్డు కోసం వేరే షాపుకి వెళ్లాం. అక్క చెప్తుంటే షాపతను టైపు చేశాడు. “ఆహ్వానించువారు” కింద రెండు పేర్లూ కొట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

“అయ్యగారి పేరు ముందు కీర్తిశేషులు అని ఎయ్యాలి కదమ్మా?”

అక్క తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“ఏద్దువుగాని బాబూ,” అంది. “ఒక్క నిమిషం అలాగుంచు.”