ఆపా తలకు కరెంటు పెట్టాక

మా అక్కను మేము ఆపా అని పిలుస్తాం. హసన్‌పర్తి బడిలో లెక్కలు చెప్పేది. క్యాన్సర్ మెదడుకు పాకిందని తేలాక, దవాఖానలో తల మొత్తానికి రేడియేషన్, మా భాషలో కరెంటు పెట్టారు. గడ్డలు కరిగాయి. కానీ కొన్ని నెలలకే ఆపా అన్నం తిన్న సంగతి మరిచిపోయి మళ్లీ కంచం ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

కరెంటు పెట్టిన డాక్టరుకు చెబితే స్కానింగ్ చూసి, "రిపోర్ట్ మంచిగుంది, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు.

మనసొప్పక హైదరాబాద్ తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ, "రేడియేషన్‌తో పాటే మతిమరుపు తగ్గించే మాత్రలు మొదలుపెట్టలేదా?" అని అడిగింది. జ్ఞాపకాలు నిలిచే భాగానికి ఎక్కువ తగలకుండా ఇచ్చే పద్ధతి కూడా ఉందట. మాకెవరూ చెప్పలేదు.

"అప్పుడు ఇస్తే ఆగేదా మేడం?"

"పూర్తిగా ఆగేదని చెప్పలేను. కొంత జ్ఞాపకమైనా మిగిలేది."

కాజీపేటలో రైలు దిగి, స్టేషన్ బయటి మందుల దుకాణంలో డాక్టరమ్మ రాసిచ్చిన ఆ మాత్రల చీటీ చూపించాను.

"ఇవి ఎప్పుడూ ఉంటయక్కా" అన్నాడు దుకాణం ఆయన.

ఆపా నా భుజం తట్టి అడిగింది. "ఎవరికే మందులు?"