ఇనప రేకు చప్పుడు

నారాయణగూడలో నా కారు చూసే మెకానిక్ నాలుగేళ్ల కింద పదిమంది ముందు ఒక మాట అన్నాడు. "సార్ గుంతలను తప్పించడు. గుంతలే సార్‌ను తప్పించుకోవాలె." అందరూ నవ్వారు. పని బాగా చేస్తాడు కాబట్టి బండి అక్కడికే తీసుకెళ్తూ వచ్చాను. ఆ నవ్వును మాత్రం మరిచిపోలేదు.

ఈమధ్య అశోక్ నగర్‌లో మా సందును పైపుల కోసం తవ్వి, కంకర పోసి వదిలేశారు. ఎన్ని ఫిర్యాదులు పెట్టినా కదలిక లేదు. చివరికి ఒక రాయి ఎగిరి తగిలి, ఇంజిన్ ఆయిల్ ఉండే ఛాంబర్‌కు సొట్ట పడింది.

"ఇంకోటి తగిలిందంటే ఆయిలంతా రోడ్డు పాలు, ఇంజిన్ ఖతం" అని మెకానిక్ దాని కింద ఒక ఇనప రేకు బిగించాడు. ఛాంబర్ గార్డు అంటారు. అది చూసి మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో నలుగురు తామూ ఆయన దగ్గరే వేయించుకుంటామన్నారు.

ఆ వారంలోనే అమావాస్య వచ్చింది. ఎప్పట్లాగే బండికీ కొబ్బరికాయకూ పసుపు రాసి, దిష్టి తీసి, ముందు చక్రం పక్కన కొబ్బరికాయను బలంగా కొట్టాను. ముక్కలు చెల్లాచెదురయ్యాయి. నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాను. చిక్కడపల్లి చేరేసరికి కింద టకటకమని చప్పుడు.

"చూశావా, బోల్టులు సరిగ్గా బిగించలేదు" అన్నాను పక్క సీట్లో ఉన్న మా ఆవిడతో.

"ఒకసారి ఆయనకు చూపించి మాట్లాడండి."

చూపించలేదు. బండి పక్కకు ఆపి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశాను, ఆ మెకానిక్ పని నమ్మొద్దని, రేకు ఊడి పడేలా ఉందని. రాస్తుంటే, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాలుగేళ్ల నాటి ఆ నవ్వు రేపిన మంట చల్లారినట్టనిపించింది.

మర్నాడు ఉదయం షాపు ముందు బండి ఆపి గొంతు పెంచాను. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఇటు తిరిగారు. నాకు కావలసిందీ అదే.

"జర ఆగుండ్రి సార్. ముందుగాల చూడనియ్యుండ్రి" అని ఆయన బండి కిందికి దూరాడు. ఒక్కో బోల్టూ గట్టిగానే ఉంది. రేకు విప్పి దించితే అందులోంచి ఒక కొబ్బరిచిప్ప ముక్క దొర్లింది. దాని మీద పసుపు ఇంకా పోలేదు.

"ఏం సార్, ఇంజిన్‌కు నైవేద్యం పెట్టిండ్రా?" అన్నాడొక కస్టమర్.

"నవ్వకే అన్నా" అని మెకానిక్ అతణ్ని ఆపాడు. ఆ చిప్పను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "మీ పై ఫ్లాట్ సార్ పొద్దున ఫోన్ జేసి రానన్నడు. గ్రూపుల నా గురించి పెట్టిండ్రంట గద సార్. గిది గూడ పెట్టుండ్రి. గంతే."

"తప్పకుండా పెడతాను" అన్నాను.

ఇంటికొచ్చి చిప్పకు ఫోటో తీశాను. తప్పు నాదేనని రెండుసార్లు రాసి రెండుసార్లూ చెరిపేశాను. మీటర్ రీడింగ్ తప్పు రాసినవాడి దగ్గరా, పార్సిల్ పారేసినవాడి దగ్గరా క్షమాపణ కాగితం మీద రాయించుకున్న మనిషిని నేను. ఆ కాగితాలు ఇప్పటికీ దాచుకున్నాను. చివరికి గ్రూపులో పెట్టింది ఒక్క ముక్క: "చప్పుడు సమస్య తీరింది." ఎలా తీరిందని ఎవరూ అడగలేదు. అడగకపోతే బాగుండునని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను కూడా.

పది రోజుల తర్వాత మెట్ల మీద పై ఫ్లాట్ ఆయన ఎదురయ్యాడు. "నలుగురం గార్డులు కాచిగూడలో వేయించేసుకున్నామండీ. మీరు ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. చాలా థ్యాంక్స్."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు.

"పర్లేదండీ" అన్నాను.